రాయగడ క్లినిక్‌లో పాత ఫండస్ కెమెరా: బాగు చేయించాలా, మార్చేయాలా?

అడిగినవారు ఒడిశాలోని రాయగడలో చిన్న కంటి క్లినిక్ నడిపే డాక్టర్ గారు. ఫండస్ కెమెరా అంటే కంటి లోపలి వెనక పొరని, అంటే రెటీనాని, ఫొటో తీసే మిషను. ఆయన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "పన్నెండేళ్ళ కిందట కొన్న టేబుల్ ఫండస్ కెమెరా ఉంది. ఏడాదిగా రెటీనా ఫొటోలు మసకగా వస్తున్నాయి. పార్టులు ఇక దొరకవని కంపెనీ అంటోంది. రిపేరు చేయించాలా, కొత్తది కొనాలా? కొంటే టేబుల్ మీదదా, చేత్తో పట్టుకునేదా, అందరూ చెబుతున్న అల్ట్రా వైడా? షుగరు పేషెంట్లే ఎక్కువ. నెలకు రెండు క్యాంపులు చేస్తాం. బడ్జెట్ ఎనిమిది లక్షలు."

నేను డాక్టర్ని కాను, పర్లాకిమిడిలో ఆప్టోమెట్రిస్టుని. ఇరవై ఒక్క ఏళ్ళుగా క్లినిక్‌లో ఫొటో గది నా చేతిలోనే ఉంది. ఈలోగా మూడు కెమెరాలు వాడాను, రెండింటిని సాగనంపాను. కాబట్టి జబ్బు సంగతి మీకు వదిలేసి మిషను సంగతి చెబుతాను.

సూటిగా చెప్పాలంటే: పార్టులు లేవని కంపెనీ కాగితం మీద రాసిచ్చేస్తే ఆ కెమెరా మీద ఇంకో రూపాయి పెట్టకండి. కంటిపాపని విప్పే మందు చుక్కలు వేయకుండా తీయగలిగే 45 డిగ్రీల టేబుల్ కెమెరా కొనండి. క్యాంపులకు చేతి కెమెరా కావాలి గానీ అది రెండో కొనుగోలు. రెటీనాని అంచుల దాకా ఒక్క ఫొటోలో చూపించే అల్ట్రా వైడ్ మీకు ఇప్పుడు అక్కర్లేదు. ఇక ఏ కంపెనీది అన్నది బ్రోషర్లు చూసి తేల్చకండి. మీ గదిలో, మీ పేషెంట్ల మీద, రేపటి నుంచి రోజూ ఆ బటన్ నొక్కబోయే మనిషి చేత వారం రోజులు తీయించి, వందకు ఎన్ని పనికొచ్చాయో లెక్కపెట్టండి. ఆ లెక్కలో గెలిచిందే మీ కెమెరా.

అయితే దానికంటే ముందు ఇంకో పని ఉంది. మసక నిజంగా కెమెరాదేనా?

మీ క్లినిక్‌లో పాతికేళ్ళ లోపు వాళ్ళెవరో ఉంటారు కదా, రిసెప్షన్‌లో అమ్మాయో మందుల షాపు కుర్రాడో. లైట్లన్నీ ఆర్పి, కర్టెన్ వేసి, ఐదు నిమిషాలు చీకట్లో కూర్చోబెట్టి ఫొటో తీయండి. అది అద్దంలా వచ్చిందంటే కెమెరాకు పెద్దగా ఏమీ కాలేదు. పన్నెండేళ్ళలో మీ పేషెంట్లకూ పన్నెండేళ్ళు వయసు పెరిగింది. అప్పుడు యాభై ఏళ్ళాయన ఇప్పుడు అరవై రెండు. శుక్లం ముదిరింది, షుగరు వల్ల కంటిపాప విచ్చుకోవడం తగ్గింది. ఆ మసక కొత్త కెమెరా కొన్నా పోదు.

కుర్రాడి ఫొటో కూడా మసకగానే వస్తే ముందు లెన్సు చూడండి. గది చీకటి చేసి, కెమెరా ముందు లెన్సు మీద టార్చి ఏటవాలుగా వేయండి. దుమ్ము అయితే విడివిడి చుక్కలుగా మెరుస్తుంది. బూజు అయితే సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తాయి. దుమ్ముకు గాలి బుడ్డితో ఊది, ఆ తర్వాత లెన్స్ పేపరు మీద కంపెనీ చెప్పిన ద్రావకం ఒక చుక్క వేసి, మధ్య నుంచి బయటికి గుండ్రంగా తుడవండి. చొక్కా కొస, దూది, టిష్యూ దాని దగ్గరికే రానివ్వొద్దు. బూజు లోపలి లెన్సుల దాకా పోయిందంటే మాత్రం అది క్లినిక్‌లో తేలే పని కాదు.

దుమ్ము దగ్గర మాకు జరిగిన పరువు తక్కువ పని ఒకటి చెప్పాలి. రిటైరైన రైల్వే ఉద్యోగి ఒకాయన వచ్చారు. ఫొటోలో మాక్యులాకు (సూటి చూపునిచ్చే రెటీనా నడిమి భాగం) కాస్త పైన, కుడి పక్కన మూడు తెల్లటి చుక్కలు. ఎగ్జుడేట్లేమో (షుగరు వల్ల నాళాల నుంచి కారి పేరుకునే మచ్చలు) అనుకుని మా డాక్టర్ గారు ఆయన్ని విశాఖ పంపించారు. పాపం ఆయన పది రోజులు టెన్షన్‌తో అన్నం సరిగా తినలేదట. అక్కడ చూసి ఏమీ లేదన్నారు. తిరిగి వచ్చాక ఆయన ఎడమ కంటి ఫొటో, ఆ రోజు తీసిన ఇంకో ఇద్దరి ఫొటోలు పక్కపక్కన పెట్టి చూశాను. అవే మూడు చుక్కలు, అదే త్రికోణం, తెర మీద అదే చోట. లెన్సు మీది దుమ్ము! కుడి కంట్లోనూ ఎడమ కంట్లోనూ, పక్కవాడి కంట్లోనూ జబ్బు ఒకే చోట కూర్చోదు కదా. ఆ రోజు నుంచి పొద్దున్నే మొదటి పేషెంటుకు ముందు ఒక తెల్ల కాగితం, లెన్సు మూత పెట్టి ఒక నల్ల ఫొటో తీస్తాం. ముందు లెన్సు మీది దుమ్ము సాధారణంగా తెల్లటి మసక చుక్కగా పడుతుంది, సెన్సర్ మీది దుమ్ము నల్లటి చుక్కగా పడుతుంది. లెన్సు తుడిచాక చుక్క పోతే సరి, పోకపోతే సెన్సర్.

ఇంకో రెండు లక్షణాలు. ఫొటోలు మసక కాకుండా చీకటిగా వస్తూ, మీ వాళ్ళు ఐఎస్‌ఓ (కెమెరా వెలుగు పట్టే సెట్టింగు) పెంచుకుంటూ పోతున్నారంటే ఫ్లాష్ ట్యూబు బలం తగ్గింది. పాత కెమెరాల్లో జినాన్ ఫ్లాష్ ఉండేది, అది అరిగిపోయే వస్తువే. ఫ్లాష్ మళ్ళీ చార్జి కావడానికి ముందుకంటే ఎక్కువ సేపు పడుతుంటే కెపాసిటర్ కూడా ముసలిదైందన్న మాట. సగం ఫొటో నల్లగా వస్తే లోపలి అద్దమో షట్టరో సమయానికి కదలడం లేదు. వీటిలో ఏదైనా పార్టు దొరికితే కొత్త కెమెరా కంటే చవకగా తేలిపోతుంది. దొరక్కపోతే అదే కెమెరాకు ఆఖరి రోజు. వెనక తగిలించే డీఎస్‌ఎల్‌ఆర్ బాడీ పోతే బయట కొని పెట్టుకోవచ్చని కొందరు అంటారు. అచ్చంగా అదే మోడల్ దొరికితేనే ఆ పప్పులు ఉడుకుతాయి. కొత్త మోడల్ని పాత సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టదు.

సరే, కొనాల్సిందే అనుకుందాం.

"చుక్కలు అక్కర్లేని కెమెరా" అన్న మాటని అమ్మేవాళ్ళు చెప్పినంత తేలిగ్గా తీసుకోకండి. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో ఫోకస్ చేస్తుంది కాబట్టి కంటిపాప ముడుచుకోదు, ఫ్లాష్ పడే క్షణానికి ఫొటో అయిపోతుంది. అంతవరకు నిజమే. కానీ మామూలుగా దానికి నాలుగు మిల్లీమీటర్ల పాప కావాలి. చిన్న పాప మోడ్ అని కొన్నింట్లో ఉంటుంది, దాంతో 3.3 దాకా లాగొచ్చు, కాకపోతే అంచులు నల్లబడతాయి. పదిహేనేళ్ళుగా షుగరున్న డెబ్భై ఏళ్ళ మనిషికి చీకట్లో కూడా అంత విచ్చుకోదు. పైగా ఒక కంటికి ఫ్లాష్ పడగానే రెండో కన్నూ ముడుచుకుంటుంది. కాబట్టి మొదటి కన్ను తీశాక రెండు మూడు నిమిషాలు ఆగాలి. ఈ ఆగడమే ఎవరూ చేయరు. "కుడి కన్ను బాగా వచ్చింది సార్, ఎడమ కన్నే మసక" అని మా జూనియర్ రోజూ చెప్పేది. కుడి కన్ను ముందు తీయడమే అసలు కారణం.

షుగరు స్క్రీనింగ్‌లో ఇంగ్లాండ్ వాళ్ళు చుక్కలు వేసి, కంటికి రెండు ఫొటోలు తీస్తారు: ఒకటి మాక్యులా మధ్యలో ఉండేలా, ఒకటి డిస్క్ (కంటి నరం రెటీనాని కలిసే చోటు) మధ్యలో ఉండేలా. స్కాట్లాండ్ వాళ్ళు ముందు చుక్కలు లేకుండా ఒక్కటి తీసి, అది కుదరకపోతేనే చుక్కలు వేస్తారు. మేము స్కాట్లాండ్ వరసలో మొదలుపెట్టి ఇంగ్లాండ్ వాళ్ళలా రెండు తీస్తాం. చుక్కలు లేకుండా రెండు ప్రయత్నాలు, కాకపోతే ట్రోపికామైడ్ 0.8, ఫినైలెఫ్రిన్ 5 శాతం కలిసిన మామూలు చుక్కలు. అరగంటలో అయిపోతుంది. చుక్కలకు ముందు టార్చి పక్క నుంచి వేసి కోణం ఇరుకుగా ఉందేమో చూడటం, బీపీ, గుండె జబ్బు ఉన్నాయా అని అడగడం మీకు నేను చెప్పక్కర్లేదు. చుక్కలతో చూపు మసకబారుతుంది కాబట్టి బండి మీద గుణుపురం వెళ్ళాల్సినవాళ్ళని మాత్రం వెంట మనిషి లేకపోతే మేము వాయిదా వేస్తాం.

మెగాపిక్సెళ్ళు చూసి మోసపోకండి. ఒక చిన్న లెక్క. రెటీనా మీద ఒక డిగ్రీ అంటే సుమారు 0.29 మిల్లీమీటర్లు. 45 డిగ్రీలంటే దాదాపు 13 మిల్లీమీటర్లు. ఫొటో అడ్డంగా 2000 పిక్సెళ్ళు ఉంటే ఒక్కో పిక్సెల్‌కి ఆరున్నర మైక్రాన్లు వస్తాయి. షుగరు వల్ల సన్న నాళం ఉబ్బి ఎర్ర చుక్కలా కనిపించే మైక్రో అన్యూరిజమ్ 125 మైక్రాన్ల లోపు ఉంటుంది. ముప్ఫై నలభై మైక్రాన్ల చిన్నదైనా ఐదారు పిక్సెళ్ళు తీసుకుంటుంది, కనిపిస్తుంది. అంటే మామూలు ఐదారు మెగాపిక్సెళ్ళతోనే పని జరుగుతుంది. ఇరవై నాలుగు ఉన్నా లెన్సు బాగోకపోతే మసకనే పెద్దగా చూపిస్తుంది. అడగాల్సింది లెన్సు స్పష్టత. ఫండస్ కెమెరాలకు ఐఎస్‌ఓ 10940 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది (ఇందాకటి ఐఎస్‌ఓ సెట్టింగు కాదు), అందులో ఫొటో మధ్యలో, నడిమి వలయంలో, అంచుల్లో స్పష్టత వేర్వేరుగా చెప్పాలి. డీలర్‌ని ఆ కాగితం అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో మీరు మిషను తెలిసినవాళ్ళని అతనికి అర్థమై మాట తీరు మారుతుంది. ఇంకొకటి, బాగా కుదించిన జేపెగ్ ఫొటోలు చూపిస్తే ఒప్పుకోకండి. ఆ కుదింపులో మొదట మాయమయ్యేవి మీరు వెతికే ఆ చిన్న ఎర్ర చుక్కలే.

మన వాళ్ళ రెటీనాలో రంగు ఎక్కువ. కెమెరా ఫ్యాక్టరీ సెట్టింగులో తీస్తే చీకటిగా, ఇటుక రంగులో వస్తాయి. డెమోలో ఫ్లాష్ పెంచి చూడండి. పెంచినా డిస్క్ తెల్లగా పేలిపోకుండా, మాక్యులా చుట్టూ సన్నటి నాళాలు కనిపిస్తే ఆ కెమెరా మనకు పనికొస్తుంది.

ఇక డెమో. కంపెనీ వాళ్ళు డెమోకి ఫొటోలు తీయడంలో చేయి తిరిగిన మనిషిని వెంట తెస్తారు. అతనికి టీ ఇచ్చి కూర్చోబెట్టండి. తీయాల్సింది మీ మనిషే. పేషెంట్లని ఏరొద్దు, వచ్చిన వరసలో తీయాలి. ఒక నోటు పుస్తకంలో కంటికి ఒక గీత: పనికొచ్చింది, రాలేదు, ఎందుకు రాలేదు. పనికొచ్చింది అంటే మాక్యులా మధ్య నుంచి ఒక డిస్క్ వెడల్పు లోపల ఉన్న సన్న నాళాలు స్పష్టంగా కనిపించాలి. నేను రెండు కెమెరాలతో ఇలా చేసినప్పుడు ఖరీదైనదే ఓడిపోయింది. ఎందుకో చెబుతాను, ఇది మన ప్రాంతానికి ముఖ్యం.

ఆ ఖరీదైనది పూర్తి ఆటోమేటిక్. గడ్డం ఆనించి పచ్చ చుక్క చూస్తే చాలు, అదే జరిగి, అదే ఫోకస్ చేసుకుని, అదే తీసేస్తుంది. మా దగ్గరికి సవర గిరిజనుల ఊళ్ళ నుంచి వచ్చే అవ్వలకి గడ్డం ఎక్కడ ఆనించాలో చెప్పడమే ఒక పని. తెలుగు రాదు, ఒడియా అంతంత మాత్రం. "చుక్క కనిపిస్తోందా?" అంటే తల ఊపుతారు, చూసేది మాత్రం నా మొహాన్ని. కెమెరా మాత్రం కంటిపాప దొరికింది కదా అని టక్కున తీసేస్తుంది. చూస్తే మాక్యులా ఎక్కడో మూలన ఉంటుంది. మొదటి ఫ్లాష్‌కి ఒక అవ్వ పిడుగు పడ్డట్టు వెనక్కి తుళ్ళి కుర్చీతో సహా పడబోయింది. చవకైన కెమెరాకి జాయ్‌స్టిక్ ఉంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో అవ్వ రెప్ప ఎత్తి, ఆమె ఎటు చూస్తే అటు నేను జరిగి తీసుకున్నాను. మీకు కువి భాష మాట్లాడే కొండ ఊళ్ళ పేషెంట్లు వస్తారు, కాబట్టి మీకూ ఇదే తంతు. ఆటో ఉండనివ్వండి, దాంతో పాటు చేత్తో నడిపే వీలు తప్పకుండా ఉండాలి. బయటి నుంచి చూపించే చిన్న లైటు, వంచగలిగే కాడతో, ఉంటే ఇంకా మేలు. ఒక కన్ను పూర్తిగా పోయినవాళ్ళకీ, మెల్ల ఉన్నవాళ్ళకీ అదే దిక్కు.

చేతి కెమెరా గురించి. మునిగుడ, కాశీపూర్ వైపు క్యాంపులకు టేబుల్ కెమెరా జీపులో వేసుకుని వెళ్ళొద్దు. ఆ రోడ్ల కుదుపుకి అమరిక చెడుతుంది. మేము ఒకసారి తీసుకెళ్ళి, తర్వాత నెల రోజులు ఇంజినీరు కోసం ఎదురుచూశాం. చేతి కెమెరాల్లో బెంగళూరులో తయారయ్యేవి ఉన్నాయి, రెమిడియో వాళ్ళది ఫోనుతో పనిచేస్తుంది. అదే ఊళ్ళో ఫోరస్ వాళ్ళ 3నేత్ర టేబుల్ మీద పెట్టేదే అయినా తేలిక. దేశంలో తయారీ కాబట్టి పార్టుల బాధ కాస్త తక్కువ. కానీ చేతి కెమెరా క్లినిక్‌లో ప్రధాన కెమెరాగా పెట్టుకుంటానంటే నేను వద్దంటాను. రోజుకు నలభై కళ్ళు తీసేసరికి మధ్యాహ్నానికి చేయి వణుకుతుంది, మూడు గంటల తర్వాతి ఫొటోలు చూస్తే తెలిసిపోతుంది. క్యాంపులో అయితే ప్లాస్టిక్ కుర్చీని గోడకు ఆనించి, తల గోడకు తాకేలా కూర్చోబెట్టి, ఇద్దరి మీదా నల్ల దుప్పటి కప్పుకుని తీయండి. బడి గదిలో కిటికీలకు అట్టలు కట్టడం కంటే దుప్పటే తేలిక. చూసేవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

నెలలు నిండని పిల్లల సంగతి వేరు. రెండు కిలోల లోపు బరువుతోనో 34 వారాల లోపో పుట్టినవాళ్ళని 30 రోజుల్లోపు చూడాలి. దానికి వేరే వైడ్ ఫీల్డ్ కెమెరా, వేరే చేయి కావాలి. మామూలు చేతి కెమెరాతో ప్రయత్నించి "బాగానే ఉంది" అని పంపేయడం ప్రమాదం. నేరుగా భువనేశ్వర్‌కో విశాఖకో ఎల్వీ ప్రసాద్ లాంటి చోటికి పంపండి.

అల్ట్రా వైడ్ గురించి నాకు చెడు అభిప్రాయం లేదు. ఒక్క ఫొటోలో 200 డిగ్రీలు చూపించే ఆప్టోస్ మిషను పుట్టుకకే ఒక కథ ఉంది. స్కాట్లాండ్‌లో డగ్లస్ ఆండర్సన్ అనే ఆయన కొడుక్కి రెటీనా ఊడిపోవడం ఆలస్యంగా తెలిసి ఒక కంటి చూపు పోయింది. పిల్లలకు కూడా నొప్పి లేకుండా అంచుల దాకా చూడగలిగే మిషను కావాలని 1992లో ఆయన ఆ కంపెనీ పెట్టాడు. అంటే అది అంచుల కోసం పుట్టింది. మీ పేషెంట్లలో మీరు మొదట పట్టుకోవాల్సినది మాక్యులా దగ్గర. దాంట్లో రంగులు లేజర్ల నుంచి కూర్చినవి, మామూలు ఫొటోకి అలవాటు పడిన కంటికి కొన్ని నెలలు తికమకగా ఉంటుంది. పైగా రెప్పల వెంట్రుకల నీడ కింద అడ్డుపడుతూనే ఉంటుంది. ధర మీ బడ్జెట్‌కి చాలా పైన. లేజర్ చేసే రెటీనా డాక్టరు మీ దగ్గర వారానికి రెండు రోజులు కూర్చునే రోజు వస్తే అప్పుడు మాట్లాడదాం.

ఇప్పుడు అసలు విషయం, మన సరిహద్దు ఊళ్ళకు మాత్రమే ఉన్న తలనొప్పి. సర్వీసు ఇంజినీరు ఎక్కడి నుంచి వస్తాడు?

రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖకు పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరొచ్చు. భువనేశ్వర్ అంటే రాత్రి ప్రయాణం. కానీ కంపెనీల లెక్కలో మనం ఒడిశా. మా రెండో కెమెరా బోర్డు పోయినప్పుడు, దాని ఇంజినీరు విశాఖలో ఇంట్లోనే ఉన్నాడు. నాకు తెలిసిన కుర్రాడే, ఫోను చేస్తే "సార్, నేను రాలేను, మీరు వేరే బ్రాంచి" అన్నాడు. వాళ్ళ ఒడిశా బ్రాంచిలో ఆ మిషను తెలిసినవాడు లేడు, కోల్‌కతా నుంచి రావాలన్నారు. పందొమ్మిది రోజులు కెమెరా మీద గుడ్డ కప్పి పెట్టాం. కాబట్టి కొటేషన్ మీద ఈ వాక్యం రాయించుకోండి: సర్వీసు విశాఖ బ్రాంచి నుంచి, ఫిర్యాదు ఇచ్చిన ఇన్ని పని రోజుల్లోపు, రాకపోతే వారంటీ అన్ని రోజులు పెరుగుతుంది. నోటి మాట వద్దు. ఆ సేల్స్ అబ్బాయి ఏడాదికి ఉద్యోగం మారిపోతాడు. పార్టులు ఎన్నేళ్ళ దాకా ఇస్తారో కూడా అక్కడే రాయించండి. ఇప్పుడు మీకు వచ్చిన చిక్కు అదే కదా.

వారంటీ తర్వాత ఏఎంసీ, సీఎంసీ అని రెండు చెబుతారు. ఏఎంసీలో మనిషి వచ్చి చూసిపోతాడు, పార్టు డబ్బు మీదే. సీఎంసీలో పార్టులు కూడా వస్తాయి, కానీ ఫ్లాష్, బ్యాటరీ, కంప్యూటర్ లాంటివి మినహాయింపుల్లో చిన్న అక్షరాల్లో ఉంటాయి. చదవండి. ఐదేళ్ళ సీఎంసీ ధర కొనేటప్పుడే ఖాయం చేసుకోండి. కొన్నాక అడిగితే బేరం మీ చేతిలో ఉండదు.

వాతావరణం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా గజపతి జిల్లా ఎలా అల్లాడిందో మీకు తెలుసు. కరెంటు లేదు, గోడలు తడి, గది మూసి ఉంది. కరెంటు వచ్చాక కెమెరా బాగానే వెలిగింది. దీపావళి దాటాక గానీ లెన్సులో సన్నటి పోగులు కనిపించలేదు. రోజూ మూత పెట్టి కప్పేస్తే చాలనుకునేవాణ్ణి. తడి లోపల ఉంటే కప్పడం బూజుకి ఇల్లు కట్టించినట్టే. ఇప్పుడు గదిలో వంద రూపాయల తేమ మీటరు గోడకు వేలాడుతుంది, వానాకాలం గాలిలో తేమ లాగే డీహ్యుమిడిఫైయర్ నడుస్తుంది, కవరు లోపల సిలికా జెల్ సంచులు. అవి రంగు మారగానే మార్చాలి, ఏళ్ళ తరబడి వదిలేయకూడదు. రాయగడలో మాకున్నంత సముద్రపు గాలి ఉండదు గానీ కొండల వాన తక్కువేమీ కాదు. కరెంటుకి ఆన్‌లైన్ యూపీఎస్ పెట్టండి, ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్ చేత కొలిపించండి. ఎర్తింగ్ బాగోలేదని చెప్పి వారంటీ ఎగ్గొట్టడం నేను చూశాను.

కంప్యూటర్ గురించి ఎవరూ ముందు అడగరు. మీ పాత కెమెరా సాఫ్ట్‌వేర్ విండోస్ 7 మీద నడుస్తూ ఉంటుంది, నా ఊహ తప్పు కాకపోతే. విండోస్ 7కి 2020 జనవరితో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆగిపోయింది. కొత్త కెమెరా ఏ విండోస్ మీద నడుస్తుందో, ఫొటోలు డైకామ్‌లో (వేరే కంపెనీల మిషన్లూ చదవగలిగే వైద్య ఫొటోల ఫార్మాట్) బయటికి వస్తాయో లేక వాళ్ళ సొంత ఫార్మాట్‌లో బంధించి పెడతారో అడగండి. సొంత ఫార్మాటైతే రేపు కెమెరా మార్చినప్పుడు మీ పాత ఫొటోలన్నీ వాళ్ళ దగ్గర తాకట్టులో ఉన్నట్టే.

పాత కెమెరాని సాగనంపే ముందు ఒకటి రెండు నెలలు రెండూ పక్కపక్కన ఉంచండి. నీటికాసుల (గ్లకోమా) పేషెంట్ల డిస్క్ ఫొటోలు రెండింటితోనూ తీయండి. కొత్త కెమెరా రంగు వేరుగా ఉంటుంది, డిస్క్ కాస్త పాలిపోయినట్టు కనిపించవచ్చు. పాత దాంతో పోల్చి "జబ్బు ముదిరింది" అనుకునే ప్రమాదం నిజంగా ఉంది. మా డాక్టర్ గారు ఇద్దరికి అలా చుక్కల మందు పెంచబోయి ఆగారు. పాత ఫొటోలన్నీ పేషెంట్ నంబరుతో సహా బయటికి తీసి రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో పెట్టండి, ఒకటి క్లినిక్‌లో, ఒకటి ఇంట్లో. ఫొటో వచ్చి పేరు రాకపోతే దాంతో ఏం లాభం? ఇరవై రికార్డులు తెరిచి సరిచూశాకే అయిందనుకోండి. సాఫ్ట్‌వేర్‌కి యూఎస్‌బీ డాంగిల్ ఉంటుంది, అగ్గిపెట్టె కంటే చిన్నది, అది పోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. మాది ఒకసారి ఊడ్చేవాళ్ళ చీపురికి పోయింది, రెండు రోజులు చెత్తబుట్టలు తిరగేశాం.

ఫొటో చూసి జబ్బు ఉందో లేదో సాఫ్ట్‌వేరే చెప్పే ఏఐ రీడింగ్ గురించి డీలర్లు గట్టిగా చెబుతారు. అమెరికాలో 2018 ఏప్రిల్‌లో మొదట అనుమతి వచ్చిన ఐడీఎక్స్-డీఆర్ అనే ఏఐ కూడా టాప్‌కాన్ ఎన్‌డబ్ల్యూ400 అనే ఒక్క కెమెరాతో కలిపి అనుమతి పొందింది. కాబట్టి ఏ కెమెరా ఫొటోనైనా చదివేస్తుంది అంటే నమ్మకండి, మీరు కొనే మోడల్ మీద పరీక్షించారా అని అడగండి. థాయ్‌లాండ్ క్లినిక్‌లలో గూగుల్ వాళ్ళ ఏఐని వాడినప్పుడు 1838 ఫొటోల్లో 21 శాతాన్ని, నాణ్యత చాలదని ఆ సాఫ్ట్‌వేరే వెనక్కి కొట్టింది. గది సరిగా చీకటి లేకపోవడం ఒక కారణం. అంటే ఏఐ కొన్నా ముందు మీ కర్టెన్లే కొనాలి. రెమిడియోలో నెట్ లేకుండా ఫోనులోనే చదివే ఏఐ ఉంది, కాశీపూర్ లాంటి చోట అది అక్కరకు వస్తుంది.

డబ్బు. 2025 సెప్టెంబరు 22 నుంచి వైద్య పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత రేటుతో ఉన్న కొటేషన్ ఇస్తే వెనక్కి ఇవ్వండి. కంప్యూటర్, ప్రింటర్, యూపీఎస్ మీద మాత్రం 18 శాతమే. వాటిని బయట కొంటే చవకేమో చూడండి, అయితే సాఫ్ట్‌వేర్‌కి సరిపోయే కాన్ఫిగరేషన్ ఏదో కాగితం మీద తీసుకోండి. వైద్య సేవకు జీఎస్టీ లేదు కాబట్టి మనకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని సర్దుకునే వీలు) రాదు, కట్టిన పన్నంతా ఖర్చే. ఎనిమిది లక్షలూ కెమెరా మీద పెట్టేయకండి. ఉదాహరణకు కెమెరాకి ఆరు అనుకుంటే, మిగతా రెండులో యూపీఎస్, కర్టెన్లు, తేమ మిషను, పాత డేటా బయటికి తీసే ఖర్చు, రెండేళ్ళ సీఎంసీ రావాలి. ఇవి రాకపోతే ఒక మెట్టు కింది కెమెరా చూడండి, ఇవి మాత్రం వదలొద్దు.

మీ పాతది ఫ్లోరెసీన్ యాంజియో (నరానికి రంగు మందు ఎక్కించి రెటీనా నాళాలని తీసే ఫొటో) కూడా తీసే రకమైతే నా సలహా కాస్త మారుతుంది. చుక్కలు లేకుండా తీసే మామూలు కెమెరాలు ఆ పని చేయవు. నెలకు ఎన్ని యాంజియోలు తీస్తున్నారో చూసుకోండి. రెండో మూడో అయితే వాళ్ళని విశాఖ పంపడమే నయం.

ఎక్స్చేంజ్ అని పాత మిషనుకు ఎంతో కొంత తగ్గిస్తామంటారు. బేరమాడండి, ఇవ్వండి. కానీ బండి ఎక్కించే ముందు కంప్యూటర్లోంచి హార్డ్ డిస్కు విప్పి మీ దగ్గర పెట్టుకోండి. అందులో ఉన్నది మీ పేషెంట్ల కళ్ళు, పేర్లు, ఫోను నంబర్లు. ఆ డాంగిల్ కూడా ఇచ్చేయకండి, ఓ రెండేళ్ళయినా సొరుగులో ఉండనివ్వండి.

ముందు ఆ టార్చి పరీక్ష, కుర్రాడి ఫొటో చేసి ఏం కనిపించిందో చెప్పండి. మోడల్ నంబరు, వెనక ఉన్న బాడీ ఏదో కూడా రాయండి. పేషెంట్ పేరు కనబడకుండా రెండు మసక ఫొటోలు పెడితే బూజో, ఫ్లాషో, శుక్లమో నేను చూసి చెప్పగలను.